చేసిన ఉద్యోగాలన్నీ ఎక్కడున్నాయి?

రిటైరైనవాళ్ళు నలుగురు కూర్చుని తాము చేసిన ఉద్యోగాల గురించి చెప్పుకుంటుంటే వినండి. మొదటి జీతం పైసలతో సహా చెబుతారు. షిఫ్టు ఇన్‌చార్జి పేరు, అతని స్కూటరు రంగు, క్యాంటీన్లో ఉప్మా ధర, సమ్మె ఎన్ని రోజులు నడిచిందీ అన్నీ గుర్తుంటాయి. ఏ తేదీన చేరారు, ఏ తేదీన మానేశారు అని అడిగితే మాత్రం "ఎనభై ఎనిమిదో, తొమ్మిదో అయ్యుంటుంది" అంటారు. ఇక పీఎఫ్ నంబరు అడిగితే, "అదా, ఎప్పుడో తీసేసుకున్నాంగా" అనేస్తారు.

నన్ను పట్టుకుని వదలనిది ఆ "తీసేసుకున్నాం" అన్న మాట. ఏం తీసేసుకున్నారో చాలామందికి తెలియదు. డబ్బు తీసుకున్నామనుకుంటారు. డబ్బుతో పాటు ఆ కంపెనీలో పనిచేసిన ఏళ్ళని కూడా రికార్డులోంచి తీసేయించుకున్నారు. ఆరు ఉద్యోగాలు మారి, మారిన ప్రతిసారీ పీఎఫ్‌కొకటి, పెన్షనుకొకటి రెండు ఫారాలూ పెట్టి పైసలు తెచ్చుకున్న మనిషికి పీఎఫ్ ఆఫీసు లెక్కలో మిగిలేది చివరి ఉద్యోగం ఒక్కటే. వీడ్కోలు సభలో వక్తలు "ముప్ఫై ఐదేళ్ళ ఉద్యోగ జీవితం" అంటారు. పెన్షను కాగితంలో అది ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో అవుతుంది. అంటే పెన్షనే లేదు.

ఉద్యోగం మారినప్పుడు అవసరమై పీఎఫ్ డబ్బు తీసుకుంటే తీసుకోండి, పెన్షను సర్వీసుని మాత్రం ముట్టుకోవద్దన్నది నా వాదన. చేసిన ఉద్యోగాలని తేదీలతో సహా రాసిపెట్టుకునే పని 58వ ఏట మొదలుపెడితే సగం దొరకవు. నలభైలోనే మొదలుపెట్టాలి.

ఫారం 19 వేరు, 10సి వేరు

జీతంలో మన వాటా 12 శాతం మొత్తం పీఎఫ్‌లోకి వెళుతుంది. యజమాని ఇచ్చే 12 శాతం రెండుగా చీలుతుంది. 8.33 శాతం పెన్షను పథకానికి, మిగిలిన 3.67 శాతం మన పీఎఫ్‌కి. పెన్షనుకి వెళ్ళే భాగానికి జీతం మీద పరిమితి ఉంది. 2001 జూన్ నుంచి 6500 రూపాయలు, 2014 సెప్టెంబరు నుంచి 15000 రూపాయలు. జీతం లక్ష ఉన్నా పెన్షను ఖాతాకి వెళ్ళేది మామూలుగా నెలకి 1250 రూపాయలే.

ఫారం 19 పీఎఫ్ డబ్బు కోసం. ఫారం 10సి పెన్షను భాగం కోసం. 10సిలో మళ్ళీ రెండు దారులున్నాయి. డబ్బు తీసుకోవడం ఒకటి, స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవడం ఇంకొకటి. స్కీమ్ సర్టిఫికెట్ అంటే "ఈ మనిషి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇంత జీతం మీద పెన్షను సభ్యుడిగా ఉన్నాడు, ఇతని కుటుంబం ఇది" అని పీఎఫ్ ఆఫీసు ఇచ్చే కాగితం. తర్వాత చేరిన కంపెనీలో అది ఇస్తే ఆ ఏళ్ళు కొత్త సర్వీసుతో కలుస్తాయి. మళ్ళీ ఉద్యోగమే చేయకపోతే, అర్హత ఉన్నవాళ్ళు 58 ఏళ్ళకి దాని మీదే పెన్షను అడగొచ్చు.

నెట్ సెంటర్లో జరిగేది చూస్తే ఇదంతా ఎవరికీ చెప్పరని అర్థమవుతుంది. కుర్రాడు లాగిన్ చేసి, ఓటీపీ అడిగి, ఫారం 19 పెట్టేసి తలెత్తకుండానే అడుగుతాడు: "అన్నా, పెన్షన్ గూడ తీసేద్దామా?" "తీసెయ్ తమ్ముడూ, మళ్ళెవడు తిరుగుతాడు." ఇంకో ఓటీపీ. అయిదేళ్ళ సర్వీసు చెరిగిపోవడానికి పట్టే సమయం అంతే. కుర్రాడి తప్పు లేదు, అతనికి రెండూ ఒకే పనిలో రెండు మెట్లు.

పదేళ్ళ గీత

పెన్షను రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలని అందరికీ తెలుసు. ఆ పదేళ్ళు ఒకే కంపెనీలో ఉండనక్కర్లేదనీ, వరసగా ఉండనక్కర్లేదనీ తెలిసినవాళ్ళు తక్కువ. ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్ళు, చిట్‌ఫండ్ కంపెనీలో మూడేళ్ళు, మధ్యలో రెండేళ్ళు సొంత వ్యాపారం, తర్వాత మందుల కంపెనీలో అయిదేళ్ళు చేసిన మనిషిని తీసుకోండి. మొత్తం పన్నెండేళ్ళు, పెన్షను ఖాయం. మొదటి రెండు చోట్లా 10సి పెట్టి డబ్బు తెచ్చుకుని ఉంటే అయిదేళ్ళే మిగులుతాయి, పెన్షను లేదు.

ఆర్నెల్లు, ఆపైన ఉంటే పూర్తి ఏడాది కింద లెక్కేస్తారు. కాబట్టి తొమ్మిదేళ్ళ ఆరు నెలలుంటే పదేళ్ళే. తొమ్మిదేళ్ళ అయిదు నెలలుంటే తొమ్మిదే. ఒక్క నెల తేడా. ఇక్కడ జీతం లేని సెలవులు కూడా వచ్చిపడతాయి. యజమాని నెలనెలా పంపే వివరాల్లో ఎన్‌సీపీ డేస్ అని ఒక గడి ఉంటుంది. చందా కట్టని రోజులన్నమాట. లేఆఫ్‌లూ లాకౌట్‌లూ నడిచిన మిల్లుల్లో పనిచేసినవాళ్ళకి ఈ గడి ఏళ్ళని తినేస్తుంది. తొమ్మిదిన్నర అంచున ఉన్నవాళ్ళు ఉద్యోగం మానేసే ముందు పీఎఫ్ పాస్‌బుక్కులో పెన్షను కాలమ్ ఎన్ని నెలలు నిండిందో వేలు పెట్టి లెక్కపెట్టుకోవాలి. ఆఫర్ లెటర్లో ఉన్న చేరిన తేదీని నమ్ముకోకూడదు. చాలా కంపెనీల్లో మొదటి కొన్ని నెలలు ట్రైనింగ్ పేరుతో పీఎఫ్ కట్టకుండా గడిపేస్తారు.

ఇంకో నష్టం అసలు ఎవరి లెక్కలోకీ రాదు. 2014 సెప్టెంబరు తర్వాత కొత్తగా చేరే మనిషి పీఎఫ్ జీతం 15000 దాటి ఉంటే అతనికి పెన్షను పథకంలో సభ్యత్వమే ఉండదు. పాత సభ్యుడైతే జీతం ఎంతున్నా కొనసాగుతాడు. మరి పాత సభ్యుడు 10సి పెట్టి డబ్బు తీసేసుకుంటే? సభ్యత్వం పోయింది. తర్వాతి కంపెనీలో బేసిక్ 25000తో చేరితే కొత్త మనిషి కిందే లెక్క, పెన్షను తలుపు మూసుకుపోయింది. మూడేళ్ళ సర్వీసుకి వచ్చిన నలభై వేల కోసం మిగతా పాతికేళ్ళ సభ్యత్వం పోగొట్టుకున్నట్టు. ఇంకా చిక్కేమిటంటే, చాలా కంపెనీలు ఇది చూసుకోకుండా అలాంటివాళ్ళకీ పెన్షను చందా కట్టేస్తూ ఉంటాయి. తప్పు బయటపడేది ఏళ్ళ తర్వాత, పాత ఖాతాని కొత్త కంపెనీకి మార్చమని ట్రాన్స్‌ఫర్ పెట్టినప్పుడో, పెన్షను కోసం ఫారం 10డి ఇచ్చినప్పుడో. అప్పుడు ఆ డబ్బంతా పెన్షను ఖాతాలోంచి పీఎఫ్‌కి మళ్ళించాలి. పాత యజమాని ఉత్తరం ఇవ్వాలి. ఆ కంపెనీ ఉంటేనే.

తీసేసుకోవడమే లాభం కాదా?

ఈ ప్రశ్నని దాటేసి ముందుకెళ్ళడం నిజాయితీ అనిపించుకోదు. లెక్క వేసి చూద్దాం.

15000 జీతం మీద తొమ్మిదేళ్ళ సర్వీసు ఉన్న 35 ఏళ్ళ మనిషి 10సి పెడితే తొమ్మిది నెలల జీతం పైచిలుకు, అంటే దాదాపు లక్షా నలభై వేలు వస్తాయి. దాన్ని ఏడు శాతం వడ్డీకి వేసి 23 ఏళ్ళు ముట్టుకోకపోతే 58 ఏళ్ళకి 6 లక్షల 60 వేల దాకా అవుతుంది. దాని మీద ఏడు శాతం అంటే నెలకి 3800 పైన, అసలు అలాగే ఉంటుంది. అదే తొమ్మిదేళ్ళని పెన్షనుకి వదిలేస్తే? సూత్రం తెలిసిందే: పెన్షను లెక్కకి తీసుకునే జీతాన్ని సర్వీసు ఏళ్ళతో గుణించి 70తో భాగించాలి. 15000ని 9తో గుణించి 70తో భాగిస్తే 1928 రూపాయలు. సగం. పైగా ఈ పెన్షనుకి కరువు భత్యం లేదు. మొదటి నెల ఎంతో పదిహేనేళ్ళ తర్వాతా అంతే. కనీస పెన్షను 2014లో వెయ్యి రూపాయలు చేశారు. పెంచమని ముసలివాళ్ళు ధర్నాలు చేస్తూనే ఉన్నారు.

అంకెల్లో చూస్తే తీసేసుకున్నవాడిదే గెలుపు, ఒప్పుకుంటాను. ఆ గెలుపుకి "23 ఏళ్ళు ముట్టుకోకపోతే" అన్న షరతు ఉంది. ఉద్యోగం పోయాక తీసిన లక్షా నలభై వేలు ఇంటి అద్దెకీ, పిల్లల ఫీజుకీ, చెల్లెలి పెళ్ళికీ వెళతాయి. వెళ్ళాలి కూడా, అవి అవసరాలు. బ్యాంకులో 23 ఏళ్ళు కూర్చునే డబ్బు ఇది కాదు. అంకెల్లోకి రాని ఇంకో సంగతి ఉంది. సభ్యుడు ఉద్యోగంలో ఉండగా చనిపోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకి జీవితాంతం, లేదా మళ్ళీ పెళ్ళి చేసుకునేదాకా పెన్షను వస్తుంది. ఇద్దరు పిల్లలకి 25 ఏళ్ళు వచ్చేదాకా, భార్యకిచ్చే దాంట్లో నాలుగో వంతు చొప్పున వస్తుంది. పైన చెప్పినట్టు సభ్యత్వం పోగొట్టుకుని 25000 బేసిక్‌తో చేరిన మనిషి ఇంట్లో ఇది ఉండదు. ఆ ఇంటికి అది ఎంత ఆసరానో 1928 అన్న అంకె చెప్పదు.

2025 అక్టోబరులో పీఎఫ్ సంస్థ ట్రస్టీల బోర్డు ఉద్యోగం పోయాక పూర్తి పీఎఫ్ తీసుకోవడానికి గడువుని రెండు నెలల నుంచి 12 నెలలకీ, పెన్షను డబ్బుకి 36 నెలలకీ పెంచాలని నిర్ణయించినప్పుడు జనం మండిపడ్డారు. మా డబ్బు మీద మీ పెత్తనమేమిటన్న కోపం సబబైనదే. పీఎఫ్ సంగతిలో నేనూ వాళ్ళ వైపే. పెన్షను భాగం విషయంలో మాత్రం ఆ 36 నెలల ఆలస్యం మంచిదనుకుంటాను. మూడేళ్ళలో చాలామంది ఇంకో ఉద్యోగంలో చేరతారు. అప్పుడు పాత సర్వీసు కొత్తదాంతో కలుస్తుంది. ఆ ఓటీపీ కొట్టే అవసరం రాదు.

పెన్షను అంచనా వేసుకునేటప్పుడు చేసే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. 25 ఏళ్ళ సర్వీసు, 15000 జీతం, 70తో భాగిస్తే 5357 అని లెక్కేసుకుని, వచ్చిన ఆర్డరు చూసి గుండె జారిపోతుంది. 2014 ఆగస్టు దాకా ఉన్న సర్వీసుకి 6500 మీదే లెక్క, ఆ తర్వాతి సర్వీసుకే 15000. 2024లో 58 నిండిన మనిషికి ముందు 15 ఏళ్ళు, తర్వాత 10 ఏళ్ళు అనుకుంటే 1393, 2143 కలిపి 3536 రూపాయలు. ఇరవై ఏళ్ళు దాటితే ఇచ్చే రెండేళ్ళ బోనసు దీని మీద కొంచెం కలుస్తుంది. అంతే.

తేదీలు తవ్వి తీయడం

ఇక అసలు పని. ఒక పొడవాటి నోటుబుక్కు తీసుకుని ఉద్యోగానికో పేజీ కేటాయించండి. ప్రతి పేజీలో రాయాల్సినవి: కంపెనీ పూర్తి పేరు (తర్వాత పేరు మారితే అదీ), ఊరు, చేరిన తేదీ, మానేసిన తేదీ, చివరి జీతం, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ నంబరు, పీఎఫ్‌ని ఏం చేశారు (తీశారా, మార్చారా, వదిలేశారా), ఏ కాగితం చేతిలో ఉంది.

తేదీలు గుర్తురాకపోతే ఇంట్లో, ఊళ్ళో జరిగినవాటికి ముడిపెట్టి వెనక్కి వెళ్ళాలి. మనవాళ్ళకి పుష్కరాలని మించిన కొలబద్ద లేదు. కృష్ణా పుష్కరాలు 1992, 2004, 2016. గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015. "పుష్కరాలకి సెలవు ఇవ్వలేదని సూపర్వైజరుతో గొడవైంది" అన్నారంటే ఆ ఏడాది ఆ కంపెనీలో ఉన్నట్టే. హైదరాబాదులో వాళ్ళకి 2000 ఆగస్టు వానలు. దివిసీమ వైపు వాళ్ళకి 1977 నవంబరు తుపాను. పెద్దమ్మాయి పుట్టినప్పుడు ఏ క్వార్టర్లో ఉన్నామో భార్యని అడిగితే ఠక్కున చెబుతుంది.

జ్ఞాపకం ఏడాదిని తెచ్చిస్తుంది, తేదీని కాగితమే ఇవ్వాలి. అపాయింట్‌మెంట్ లెటర్, రిలీవింగ్ లెటర్ ఉంటే సరే. లేకపోతే పాత బ్యాంకు పాస్‌బుక్కులో జీతం పడిన మొదటి నెల, ఆఖరి నెల చూడాలి. ఈఎస్ఐ కార్డు మీద ఉద్యోగంలో చేరిన తేదీ ఉంటుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టినవాళ్ళకి ఫారం 16, 26ఏఎస్ ఉన్నాయి, వాటిలో యజమాని పేరు ఏడాదివారీగా ఉంటుంది. అన్నిటికంటే విలువైనది ఏడాదికోసారి ఫ్యాక్టరీలో చేతికిచ్చిన పీఎఫ్ స్లిప్పు. అరచేతి వెడల్పు కాగితం. పైన ఖాతా నంబరు, కింద పోయినేడు నిల్వ, ఈ ఏడు మన చందా, యజమాని చందా, వడ్డీ. మడత దగ్గర అంకెలు అరిగిపోయినా నంబరు కనిపిస్తే చాలు. రేషను కార్డు కవర్లో, ఎల్ఐసీ బాండ్ల మధ్య, ఇనప్పెట్టె అడుగున పరిచిన న్యూస్ పేపరు కింద వెతకండి.

ఆ నంబరుని ఎలా చదవాలో తెలియాలి. పాతకాలంలో ఏపీ/హెచ్‌వైడీ/ తర్వాత కంపెనీ కోడు, తర్వాత మన నంబరు ఉండేవి. ఇప్పటి పద్ధతిలో అది 22 స్థానాలు: ఆఫీసుకి అయిదు అక్షరాలు, కంపెనీకి ఏడంకెలు, ఎక్స్‌టెన్షనుకి మూడంకెలు, సభ్యుడికి ఏడంకెలు. పాత నంబరు కంపెనీ 12345, సభ్యుడు 678 అయితే ముందు సున్నాలు చేర్చి 0012345, ఎక్స్‌టెన్షను 000, సభ్యుడు 0000678 అని రాసుకోవాలి. ఎక్స్‌టెన్షను దగ్గర ఏమీ లేకపోతే మూడు సున్నాలు. చాలామంది ఇక్కడే ఒక సున్నా వదిలేసి "రికార్డు లేదంటోంది" అని వెనక్కి వస్తారు. నంబరే లేకపోతే పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ సైటులో కంపెనీ పేరుతో వెతికితే కోడు, చిరునామా దొరుకుతాయి. కోడు దొరికితే, చేరిన ఏడాది, తండ్రి పేరుతో పీఎఫ్ ఆఫీసులో అడగొచ్చు. నెలనెలా 27న పీఎఫ్ ఆఫీసు జిల్లాల్లో పెట్టే "నిధి ఆప్కే నికట్" శిబిరానికి ఈ నోటుబుక్కు పట్టుకుని వెళితే మాటల్లో చెప్పేదానికంటే పని తొందరగా అవుతుంది.

2014 అక్టోబరులో యూఏఎన్ వచ్చింది. మనిషికి ఒక్కటే 12 అంకెల నంబరు, కంపెనీ మారినా అదే. అంతకుముందు మానేసిన ఉద్యోగాలు చాలావరకు దాంట్లో కనిపించవు. పీఎఫ్ పోర్టల్లో సర్వీస్ హిస్టరీ తెరిచి నోటుబుక్కు పక్కన పెట్టుకుని చూడండి. బుక్కులో ఆరు పేజీలుండి తెరమీద మూడు వరసలే ఉంటే, మిగతా మూడింటి కోసం తిరగాలి. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డు మీద ఉన్న నంబరుని కూడా యూఏఎన్ అనే అంటారు, అదీ 12 అంకెలే. పీఎఫ్‌తో దానికి సంబంధం లేదు. దాన్ని పట్టుకుని లాగిన్ కావడం లేదని గంటలు గడిపేవాళ్ళున్నారు.

ఎక్కడ ఆగిపోతుంది

ట్రాన్స్‌ఫర్ పెట్టిన క్లెయిము ఆగే చోట్లలో మొదటిది ఎగ్జిట్ డేటు. పాత కంపెనీ మీరు మానేసిన తేదీని ఎక్కించకపోతే, మీరింకా అక్కడే ఉన్నట్టు. 2020 నుంచి దీన్ని మనమే ఎక్కించుకోవచ్చు. ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత, పోర్టల్లో మేనేజ్ మెనూలో మార్క్ ఎగ్జిట్ దగ్గర. వేసే తేదీ ఆఖరి చందా పడిన నెలలోదే అయ్యుండాలి. ఒకసారి వేశాక మార్చుకోవడం కష్టం, కాబట్టి రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని వేయండి.

రెండోది తేదీలు ఒకదాని మీదొకటి పడటం. కొత్త కంపెనీలో 28న చేరారు, పాత కంపెనీ గుమాస్తా అందరికీ వేసినట్టే నెలాఖరు తేదీ వేశాడు. మూడు రోజులు రెండు చోట్లా పనిచేసినట్టు తేలింది. ఇలాంటి కారణంతో ట్రాన్స్‌ఫర్లని తిప్పి పంపొద్దని 2025లో ఆదేశాలిచ్చారు గానీ, పెన్షను లెక్క దగ్గర ప్రశ్న మళ్ళీ లేస్తుంది. మానేసే వారంలోనే పాత ఆఫీసు అకౌంట్స్ సెక్షనులో కూర్చుని ఆఖరి రోజు ఏ తేదీ వేస్తున్నారో చూసుకుంటే సరిపోతుంది.

మూడోది మన తెలుగువాళ్ళ ప్రత్యేకత: పేరు. ఫ్యాక్టరీ రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్లో పూర్తిగా. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. సత్యనారాయణలో "టీ" పక్కన "హెచ్" ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. లక్ష్మిని ఎక్స్‌తో ఒకరు, కేఎస్‌హెచ్‌తో ఒకరు రాస్తారు. పుట్టిన తేదీ బడిలో వేసిన జూన్, జూలై తేదీ ఒకటి, ఆధార్లో ఇంకొకటి. 58 నిండేది ఎప్పుడో ఆ తేదీయే నిర్ణయిస్తుంది. ఆ రోజుతో పెన్షను చందా ఆగి, యజమాని 12 శాతం మొత్తం పీఎఫ్‌లోకి రావాలి. సవరించడానికి జాయింట్ డిక్లరేషను (మనమూ యజమానీ కలిసి ఇచ్చే దరఖాస్తు) ఉంది. 2017 అక్టోబరు తర్వాత ఆధార్‌తో వచ్చిన యూఏఎన్ అయితే 2025 జనవరి నుంచి చాలా సవరణలు యజమాని ప్రమేయం లేకుండానే అవుతున్నాయి. అంతకుముందువాటికి యజమాని ఆమోదం కావాలి. కంపెనీ మూతపడి ఉంటే గెజిటెడ్ అధికారి, బ్యాంకు మేనేజరు, పోస్టుమాస్టరు లాంటివాళ్ళ సంతకంతో పీఎఫ్ ఆఫీసుకి వెళ్ళాలి.

నాలుగోది నిజానికి చిక్కు కాదు, భయం. ట్రాన్స్‌ఫర్ అయ్యాక కొత్త పాస్‌బుక్కులో పెన్షను కాలమ్ దగ్గర సున్నా కనిపిస్తుంది. "లక్ష రూపాయలు మాయమయ్యాయి" అని జనం కంగారుపడతారు. ఏమీ మాయం కాలేదు. పెన్షను నిధి అందరిదీ కలిపి ఒకటే కుండ, ఎవరి పేరు మీదా విడిగా నిల్వ ఉండదు. మారేది డబ్బు కాదు, సర్వీసు వివరాలు. అవి అనెక్జర్ కె అనే కాగితంలో వెళతాయి. చేరిన, మానేసిన తేదీలు, జీతం, చందా లేని రోజులు అన్నీ దాంట్లో ఉంటాయి. ప్రతి ట్రాన్స్‌ఫర్‌కీ దాని నకలు తీసుకుని నోటుబుక్కు ఆ పేజీలో అంటించండి. సొంత పీఎఫ్ ట్రస్టులున్న పెద్ద కంపెనీల నుంచి వచ్చినవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. డబ్బు చేరి, అనెక్జర్ కె చేరక సర్వీసు గాల్లో ఉండిపోయిన కేసులు వీటిలోనే ఎక్కువ.

2022 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, పూర్తి జీతం మీద చందా కట్టినవాళ్ళు ఎక్కువ పెన్షనుకి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు కాగితం విలువేమిటో అందరికీ తెలిసొచ్చింది. ఏళ్ళ వెనకటి జీతాలు నెలనెలా చూపించాల్సి వచ్చింది. పే స్లిప్పులు దాచుకున్నవాళ్ళు వాటిని స్కాన్ చేసి పెట్టారు. మిగతావాళ్ళు పాత యజమానుల చుట్టూ తిరిగారు.

కలవని ఉద్యోగాలు

అన్ని ఉద్యోగాలూ ఒక గొడుగు కిందికి రావు. సింగరేణిలో చేసిన ఏళ్ళు బొగ్గుగనుల పీఎఫ్ కిందికి వస్తాయి, అది వేరే సంస్థ, వేరే చట్టం. గల్ఫ్‌లో చేసిన పదేళ్ళకి ఇక్కడ ఏ సర్వీసూ లేదు. అక్కడ చేతికిచ్చిన ఎండ్ ఆఫ్ సర్వీస్ డబ్బే సర్వస్వం. అమెరికాలో చేసినవాళ్ళకి అక్కడి సోషల్ సెక్యూరిటీకి 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగే వస్తాయి కాబట్టి అక్కడా పదేళ్ళ గీతే. మన దేశానికి జర్మనీ, జపాన్ లాంటి దేశాలతో సామాజిక భద్రత ఒప్పందాలున్నాయి గానీ అమెరికాతో లేదు. అందుకే తొమ్మిదేళ్ళకి తిరిగొచ్చినవాళ్ళు కట్టింది అక్కడే ఉండిపోతుంది. ఇరవై మంది కంటే తక్కువ ఉన్న షాపులు, హోటళ్ళు, మేస్త్రీ కింద చేసిన కూలి మామూలుగా పీఎఫ్‌లో నమోదు కావు. ఈ పేజీలు కూడా నోటుబుక్కులో ఉండాలి. పెన్షను రాకపోవచ్చు, మధ్యలో ఖాళీ ఎందుకుందో ఎవరైనా అడిగితే చెప్పడానికి ఉంటుంది.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళది ఇంకో కథ. ఇంట్లో కూర్చుని చుట్టినా వాళ్ళు కంపెనీ కార్మికులేనని, పీఎఫ్ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. బీడీ పరిశ్రమలో చందా 12 కాదు, 10 శాతం. చాలామంది పదహారు, పద్దెనిమిదేళ్ళకి తల్లిగారింట్లో ఉండగా పీఎఫ్ నంబరు తీసుకున్నారు. రికార్డులో తండ్రి ఇంటిపేరు, తండ్రి పేరు. పెళ్ళయ్యాక వేరే ఊళ్ళో, వేరే కార్ఖానాలో, వేరే నంబరు మీద చుట్టారు. ఆధార్లో భర్త ఇంటిపేరు. ఒకే మనిషి, రెండు పేర్లు, రెండు నంబర్లు, ఒక్కోదాంట్లో ఏడెనిమిదేళ్ళు. కలిపితే పెన్షను, విడిగా ఉంటే ఏమీ లేదు. ముందు జాయింట్ డిక్లరేషనుతో పాత ఖాతాలో పేరు సవరించాలి, తర్వాత ట్రాన్స్‌ఫర్ పెట్టాలి. వరస తిరగబడితే క్లెయిము వెనక్కి వస్తుంది.

నోటుబుక్కు ఆఖరి పేజీ నామినేషనుకి వదలండి. మొదటి ఉద్యోగంలో పెళ్ళికి ముందు ఫారం 2లో అమ్మ పేరు రాసి ఉంటారు. పెళ్ళయ్యాక ఆ నామినేషను చెల్లదు, మళ్ళీ రాయాలి. చాలామంది రాయలేదు. ఇప్పుడు పోర్టల్లో ఈ-నామినేషను ఉంది. భార్య లేదా భర్త ఆధార్ నంబరు, ఫొటో, పిల్లల పుట్టిన తేదీలు పెట్టి, వాటాలు వంద శాతానికి సరిపెట్టి, ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేయాలి. సేవ్ నొక్కి వదిలేస్తే అది పెండింగులోనే ఉంటుంది. ఈ-సైన్ అయ్యాక వచ్చే పీడీఎఫ్‌ని ప్రింటు తీసి ఆ పేజీలో పెట్టి, నోటుబుక్కు ఏ బీరువాలో ఏ అరలో ఉందో ఇంట్లోవాళ్ళకి చూపించండి.